రెండంతస్తుల రెక్కలకు జై!

యుద్ధ విమానాల ధరలు ఆకాశంలో ఉన్నాయి, విమానాలేమో మరమ్మతుల షెడ్డులో ఉన్నాయి. అందుకే నా మనవి: రెండంతస్తుల రెక్కల పాత బైప్లేన్లను మళ్లీ కొలువులోకి తీసుకోండి. నవ్వకండి, రికార్డు చూడండి. 1941 మేలో జర్మనీ మహా యుద్ధనౌక బిస్మార్క్ చుక్కానిని టార్పెడోతో బిగుసుకుపోయేలా చేసింది, గుడ్డ కప్పిన బ్రిటిష్ స్వోర్డ్‌ఫిష్ బైప్లేనే. అదుపు తప్పిన ఆ నౌక మర్నాడే మునిగింది. సోవియట్ మహిళా పైలట్లు కర్రతో, గుడ్డతో చేసిన పో-2 బైప్లేన్లలో వచ్చి రాత్రుళ్లు జర్మన్ సైనికులకు కంటి మీద కునుకు లేకుండా చేశారు. ఆ సైనికులు భయంతో వాళ్లకు పెట్టిన పేరు 'రాత్రి మంత్రగత్తెలు'.

"మరీ నెమ్మది కదా" అంటారు. అదే దాని బలం! పో-2 గరిష్ఠ వేగం గంటకు 150 కి.మీ. దరిదాపుల్లోనే. అంత నెమ్మదిగా ఎగరబోతే వెంటాడే ఫైటరే కింద పడుతుంది. "క్షిపణి తగిలితే?" తగిలితే పోతుంది, నిజమే. కానీ 2020 కరబఖ్ యుద్ధంలో అజర్‌బైజాన్ పాత ఆన్-2 బైప్లేన్లను పైలట్ లేకుండా ఎరగా పంపింది. వాటిని కాల్చబోయి ఆర్మీనియా రక్షణ వ్యవస్థలు తమ ఆచూకీ తామే బయటపెట్టుకున్నాయి. అంటే కూలిపోవడం కూడా దాని ఉద్యోగంలో భాగమే. ఇక మిగిలింది, కప్పులేని కాక్‌పిట్‌లో పైలట్ వానకు తడుస్తాడన్న అభ్యంతరం ఒక్కటే. రెయిన్‌కోటు ఖర్చు ఏ రక్షణ బడ్జెట్టయినా భరిస్తుంది లెండి.