చిన్నరాడ్డు చెప్పే మాట

మా జీపులో గేర్‌రాడ్డు పక్కనే ఇంకో చిన్నరాడ్డు ఉంటుంది. తారురోడ్డు మీద దాంతో పనిలేదు. 2హెచ్‌లో వెనక చక్రాలే బండిని తోస్తాయి. మారేడుమిల్లి దాటి బురదదారి పట్టామా... 4హెచ్ వేయాల్సిందే. నాలుగు చక్రాలకూ బలం అందుతుంది. అలాగని పొడి తారురోడ్డెక్కాక కూడా అందులోనే ఉంచకూడదు. మలుపుల్లో ముందు, వెనక చక్రాలు తిరిగే దూరాలు వేరు కాబట్టి గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. ఇక బాగా వాలుగా ఉన్న చోట దిగాలంటే 4ఎల్. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కిపోవు. వెనకసీట్లో పిల్లలు నిద్రపోతుంటే ఆ నెమ్మదితనం విలువ తెలుస్తుంది. అందుకే 'ఇంకెంతసేపండీ' అని మా ఆవిడ అడుగుతున్నా సరే, దిగబడ్డాక కాదు... ముందే బండి ఆపి రాడ్డు మారుస్తాను. పావుగంట ఆలస్యమైతేనేం, అందరం ఇల్లు చేరతాం!