ఐదో సెకను

మార్చి 4, 2025, మంగళవారం

ఇవాళ కూడా పద్నాలుగు 502 ఎర్రర్లు. లక్షల రిక్వెస్టుల్లో పద్నాలుగంటే ఎవరి కంటా పడవు. కానీ అన్నీ ఫీజు కట్టే పేజీవే. డబ్బు పోయిందో లేదో తెలియక పద్నాలుగు మంది ఫోను పట్టుకుని కూర్చుని ఉంటారు. ముందున్న ప్రాక్సీ ఇంజిన్‌ఎక్స్ లాగ్ చూస్తే, జవాబు రాకముందే వెనక సర్వర్ కనెక్షన్ మూసేసిందని ఉంది. నోడ్ జేఎస్ లాగ్‌లో ఆ రిక్వెస్టుల జాడే లేదు.

మార్చి 5, బుధవారం

రాత్రి ప్యాకెట్లు పట్టడానికి టీసీపీడంప్ పెట్టి పడుకున్నాను. దొరికింది. ఒక రిక్వెస్టు, దానికి జవాబు, ఆ తర్వాత నిశ్శబ్దం. సరిగ్గా ఐదు సెకన్లకు నోడ్ నుంచి ఫిన్, అంటే కనెక్షన్ మూసేస్తున్నానన్న ప్యాకెట్, బయల్దేరింది. అది దారిలో ఉండగానే ఇంజిన్‌ఎక్స్ అదే కనెక్షన్ మీద కొత్త పోస్ట్ పంపింది. దానికి రీసెట్ ఎదురొచ్చింది. మధ్యలో అర మిల్లీసెకను కూడా లేదు!

ఖాళీ కనెక్షన్‌ను నోడ్ ఐదు సెకన్లే ఉంచుతుంది, ఇంజిన్‌ఎక్స్ 60 ఉంచుతుంది. మనం ముట్టుకోకపోతే లెక్క అదే. ఫిన్ ముందే చేరితే గొడవ లేదు. ఖాళీగా ఉన్నవాటి మీద కూడా ఇంజిన్‌ఎక్స్ ఓ చెవి వేసే ఉంచుతుంది, ఫిన్ రాగానే ఆ కనెక్షన్ తీసేస్తుంది. రెండూ దారిలో ఎదురుపడ్డప్పుడే చిక్కు.

మార్చి 6, గురువారం

"అన్నా, మళ్ళీ పంపమంటే అయిపోతది కదా?" అన్నాడు టీమ్‌లో చిన్నవాడు. ఊరికే సమాచారం అడిగే గెట్‌లకు అదే జరుగుతోంది, అందుకే అవి మన దాకా రాలేదు. పోస్ట్‌ను మాత్రం వెర్షన్ 1.9.13 నుంచి ఇంజిన్‌ఎక్స్ తనంతట తాను మళ్ళీ పంపదు. కాన్ఫిగ్‌లో ఒక్క మాట చేరిస్తే పంపుతుంది. నేను చేర్చనివ్వలేదు. రిక్వెస్టు అందకముందే తెగిందా, డబ్బు తీసుకున్నాక జవాబిచ్చేలోపు తెగిందా అన్నది ప్రాక్సీ వైపు నుంచి ఒకేలా కనబడుతుంది. ఇవి అందలేదని నాకైనా ప్యాకెట్లు చూశాకే తెలిసింది. ఒకే ఫీజు రెండుసార్లు కోయడం కన్నా 502 నయం. వాడికి బోర్డు మీద గీసి చూపించాను. అరగంట పట్టింది, అర్థమైంది.

మార్చి 7, శుక్రవారం

నోడ్ గడువు 65 సెకన్లు చేశాం. ఇక ముందు మూసేది ప్రాక్సీయే. తాను మూసినదాని మీద తానే పంపదు కదా.

మార్చి 11, మంగళవారం

మూడు రోజులు ఒక్కటీ లేదు. నిన్న రాత్రి డిప్లాయ్ చేస్తే రెండు వచ్చాయి. పాత ప్రాసెస్ ఆగిపోతూ చేతిలో పని ఉండగానే కనెక్షన్లన్నీ తెంపేసింది. గడువులు సరిచేస్తే పోయే జబ్బు కాదిది. చేతిలో ఉన్నవి ముగించాకే ఆగేలా రాయాలి. ఒక్కో చెల్లింపుకు ఒక నంబరు కూడా ఇవ్వాలి, అదే నంబరుతో మళ్ళీ వస్తే పాత రసీదే చూపాలి. రేపు మొదలుపెడతాం.

ఆ ఇద్దరి ఖాతాలూ చూశాను. ఒకరు పది నిమిషాలకు మళ్ళీ కట్టారు. రెండోవారు ఇంకా రాలేదు. డబ్బు కట్ కాలేదని ఫోన్ చేసి చెప్పమని హెల్ప్‌డెస్క్ అమ్మాయికి చెప్పి వచ్చాను.