దళసరి రంగు

చేతిపనులలో రంగు వేయుట యన్నిటికంటె సులభమని పలువురు తలంతురు. ముక్కలు అతికించుటకు నేర్పు కావలెను గాని, రంగు చల్లుట కేమున్నదని వారి యభిప్రాయము. అయినను వారములకొలది శ్రమపడి కూర్చిన బొమ్మ అరనిమిషములో చెడునది ఈ రంగుచేతనే. పిల్లలు విమానముల నమూనాలు, ఓడల నమూనాలు కూర్చుచుండు నిండ్లలోని సోదరీమణులకు మా యనుభవము కొంత యుపకరింపవచ్చునని యిది వ్రాయుచున్నాము.

మా చిన్నవాడు పదునాలుగేండ్ల వాడు. వేసవి సెలవులలో నాట్ అను చిన్న యుద్ధవిమానపు నమూనాను ప్లాస్టిక్ ముక్కలతో కూర్చినాడు. అది 1:72 కొలతది. అనగా నమూనాలోని అంగుళము అసలు విమానమున ఆరడుగులకు సమానము. అసలుది యిరువదితొమ్మిది యడుగులకు లోపే గనుక నమూనా అయిదంగుళములకు మించదు. 1971 డిసెంబరు 14న శ్రీనగరమున పోరాడి మరణించి, పరమవీరచక్రము పొందిన నిర్మల్‌జీత్ సింగ్ సెఖోన్ నడిపినది ఈ జాతి విమానమే. మా మేనమామగారు ఆ కాలమున వాయుసేనలో ఈ విమానములకు మరమ్మతులు చేసెడివారు. నీటికాసుల వ్యాధిచే వారి చూపు ఇప్పుడు పూర్తిగా పోయినది. బొమ్మ వారికొఱకే. అది వారు వ్రేళ్లతో చూడవలసిన బొమ్మ.

అట్టిదానిపై మావాడు వెండిరంగు డబ్బాను మిక్కిలి దగ్గఱగా పట్టి ఒక్కసారిగా చల్లినాడు. విమానపు పొట్టమీద రంగు కారి, రేకుల యతుకులను తెలుపు సన్నని గీతలన్నియు పూడిపోయినవి. రెక్కలమీద నారింజతొక్కవలె గరుకుదేలినది. వాడు కన్నీరు తుడుచుకొని, పైన మఱియొక పూత వేసినచో సమమగునని మరల డబ్బా నందుకొనెను. మేము వలదంటిమి. గోడలకు సున్నము వేయించిన ప్రతి గృహిణికిని ఇది తెలిసినదే. పెచ్చులూడుచోట మరల సున్నము పూసినచో, ఆ పూతయు పెచ్చుతోపాటే యూడును.

మొదటి చికిత్స యేమియు చేయకుండుట. తడిరంగును తుడిచినచో వ్రేలిముద్రలు పడును. బొమ్మను దుమ్ము పడకుండ ఒక పెట్టెక్రింద రెండు దినము లుంచితిమి. ముక్కుదగ్గఱ పెట్టుకొన్నప్పుడు రంగువాసన వచ్చుచున్నంతవఱకు లోపల ఆరలేదని గ్రహింపవలెను.

పిమ్మట రెక్కల పని. నీటిలో తడిపి వాడెడి ఉప్పుకాగితము, మొదట 1000 నంబరుది, తరువాత 2000 నంబరుది తీసికొని, సబ్బుచుక్క కలిపిన నీటితో మెల్లగా రుద్దించితిమి. తడిగా రుద్దినచో ధూళి లేవదు. అంచులయందు రంగు త్వరగా లేచిపోవును గనుక అచ్చట చేయి తేలికగా నుండవలెను.

పొట్టమీది రంగు రుద్దిన పోవునది కాదు. గీతలు తేలవలెనన్న దానిని పూర్తిగా తీయవలసినదే. డబ్బాపై యాక్రిలిక్ అని యుండుటచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తెప్పించి, తోకక్రింద కనబడనిచోట ముందుగా పరీక్షించితిమి. ఆ పిదప దూదితో తడిపి, మెత్తని పండ్లబ్రష్షుతో తోమగా రంగు కరగి వచ్చినది. గీతలలో మిగిలినదానిని పుల్లతో తీసితిమి. గోళ్లరంగు తుడుచు ద్రవము ఇంట నున్నదిగదా యని దాని నెవ్వరును వాడకుందురు గాక. అందు ఎసిటోన్ ఉన్నచో ప్లాస్టిక్కే కరగిపోవును. ఆల్కహాల్ త్వరగా నంటుకొనునది గనుక వంటయింటికి దూరముగా, కిటికీలు తెఱచి, చేతులకు తొడుగులు వేసికొని ఈ పని చేయవలెను. విమానపు అద్దపుమూతకు ఇది తగులరాదు. తగిలినచో బీటలు వాఱవచ్చును.

బొమ్మను సబ్బునీటితో కడిగి ఆరనిచ్చిన తరువాత వాడే మరల రంగు వేసెను. ఈసారి డబ్బాను గోరువెచ్చని నీటిలో కొంతసేపుంచి, బాగుగా కుదిపి, జానెడు దూరమున పట్టుకొనెను. బొమ్మకు ఇవతలనే మొదలుపెట్టి అవతల ముగించుచు, పావుగంట కొకసారిగా మూడు పలుచని పూతలు చల్లెను. డబ్బాను పొయ్యిమీద వేడిచేయుట ప్రాణాపాయము. మఱియు దూరము మితిమీఱినచో రంగు గాలిలోనే ఆఱి యిసుకవలె పడును. ముసురు పట్టిన దినమున చల్లినచో తేమకు రంగు పాలిపోవును.

మామగారు బొమ్మను అరచేత నుంచుకొని చాలసేపు మాటలాడలేదు. చూపుడువ్రేలు పొట్టమీది గీతవెంబడి పోయి, రెక్కదగ్గఱ ఆగినది. “ఒరే, ఇది నాటేరా! రెక్క భుజాన ఉంది. ఈ రేకు నేనెన్నిసార్లు విప్పానో!” అనిరి. మావాడు వారి ప్రక్కనే కూర్చుండి, ఏ రేకుక్రింద ఏమున్నదో ఆ సాయంకాలమంతయు అడిగి తెలిసికొనెను.

చెడిన బొమ్మను పారవేసి క్రొత్తది కొనియిచ్చుటకు మనకు రూపాయలు చాలును. చెడినదానిని బాగుచేసికొనుటకు పిల్లవానికి నాలుగు దినముల యోపిక కావలెను. ఆ నాలుగు దినములు వానిచెంత కూర్చుండుట తల్లుల పని.