కర్రోణ్ణీ మేకపిల్లనీ ఎక్కించుకుని కాశీ దాకా

ఈసారి ఎరువుల గురించీ కాదు, ధాన్యం రేటు గురించీ కాదు. కాస్త పెద్ద పోస్టే, మంచం మీద వాలి తీరిగ్గా చదువుకోండి.

దాళ్వా కోతలైపోయి, ధాన్యం మిల్లుకి తోలేసి, కాలువలు కట్టేశాక మనకి నెలా నెలన్నర ఖాళీ. మళ్ళీ జూన్‌లో ధవళేశ్వరం నుంచి నీళ్ళొదిలే దాకా ఆకుమడి గొడవ లేదు. మరి ఆ నెలన్నరలో మనలో ఎంతమంది ఊరు దాటుతున్నాం చెప్పండి? అడిగితే అందరిదీ ఒకటే మాట. "వెళ్దామనే ఉంటుంది గానీ గేదెల్నెవరు చూస్తారండీ?" మా నాన్న అరవై ఏళ్ళు ఆ మాటే అన్నారు. ఆయన పోయేనాటికి రాజమండ్రి దాటి చూసిన ఊళ్ళు వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు.

అమెరికాలో ఉన్న మా మేనకోడలు ఓసారి ఫోటోలు పంపింది. ఆర్‌వీ అంటారంట, మంచం, పొయ్యి అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి. వేసవి సెలవుల్లో అద్దెకి తీసుకుని, కుక్కనీ పిల్లినీ ఎక్కించుకుని ఉత్తరంగా వారాల తరబడి తిరిగొచ్చారు. మా అమ్మ ఆ ఫోటోలు చూసి, "కుక్కని కూడా తీసుకెళ్ళారా! అయితే మనం మాత్రం ఎందుకెళ్ళకూడదు?" అంది. అక్కడ మొదలైంది.

నిజానికి ఇది మనకి కొత్తేం కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరి, గుడారాలు, వంట సామాన్లు, బోయీలు, పరివారం అంతా వెంటేసుకుని కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబర్ 3న ఇల్లు చేరారు. ఆయనా మే ఎండల్లోనే బయలుదేరారు చూడండి. ఇల్లుని వెంట మోసుకెళ్ళడం అంటే అదే కదా!

2024లో మాకు అన్నీ కలిసొచ్చాయి. ఆ ఏడు మూఢం వల్ల మే, జూన్ నెలల్లో పెళ్ళి ముహూర్తాల్లేవు. మా బావమరిది ట్రావెలర్ బండి షెడ్డులో ఊరికే ఉంది. ఆలిండియా పర్మిట్ ఉంది. మే 13న ఓటేసి, 15న తెల్లవారుజామున మూడింటికి బయలుదేరాం. అమ్మ, నేను, మా ఆవిడ, బావమరిది. వాళ్ళతో పాటు కర్రోడు, బుజ్జి.

కర్రోడు మా కుక్క. అప్పటికి పదేళ్ళవాడు. నాన్న చేలోంచి జేబులో పెట్టుకొచ్చిన పిల్ల. నాన్న పోయాక అమ్మ మంచం కిందే పడుకుంటాడు. అమ్మ ఒక్కరోజు మా అక్కా వాళ్ళింటికెళ్తే ముద్ద ముట్టడు. బుజ్జి నెల కూడా నిండని మేకపిల్ల. తల్లి చచ్చిపోతే మా ఆవిడ రోజుకి నాలుగుసార్లు సీసాతో పాలు పట్టి బతికించింది. ఈ రెంటినీ వదిలి వెళ్ళే దారి లేదు.

గేదెలు రెండూ, కోళ్ళూ మా తమ్ముడికి అప్పజెప్పాం. పిల్లిని ఇంట్లోనే ఉంచాం. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. దాన్ని కదిలిస్తే కొత్తచోట బెదిరి పారిపోతుంది. పక్కింటి అత్తయ్య తన రామచిలకని కూడా కాశీ చూపించమంది. చిలకని పంజరంలో పెంచడమే వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, రాష్ట్రాలు దాటించడం కూడానా అని దండం పెట్టాం. ఆవిడకి కోపమొచ్చి, "కుక్కని వెంటేసుకుని ఉత్తరానికెళ్ళింది ధర్మరాజొక్కడే, ఆయన మళ్ళీ తిరిగి రాలేదు" అని సాగనంపింది.

బండిలో సీట్లు పీకలేదు. సీట్ల లెక్క ఆర్సీలో ఉంటుంది, మార్చాలంటే ఆర్టీవో అనుమతి కావాలి. నడవాలో గోనెసంచులు పరిచి కర్రోడికి, వెనకాల ఊక పోసిన పాత ట్రేలో బుజ్జికి చోటు చేశాం. ఊక మన దగ్గర దొరికినంత తేలిగ్గా ఎక్కడా దొరకదు, నాలుగు బస్తాలు పైన కట్టుకెళ్ళాం. తడిసిన ఊక రోజూ తీసి పోస్తే బండిలో వాసనే ఉండదు. కర్రోడికి నెల ముందే రేబిస్ టీకా వేయించి, మండలం పశువుల ఆసుపత్రిలో కాగితం రాయించుకున్నాం.

ఇక దారి సంగతి. గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి ఘాటీ దాటి చింతూరు దగ్గర ఎన్‌హెచ్-30 ఎక్కాం. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో మొదలై భద్రాచలం, జగ్‌దల్‌పూర్, రాయ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, లక్నో మీదుగా ఉత్తరాఖండ్‌లో హిమాలయాల కింద సితార్‌గంజ్ దాకా పోయే రోడ్డది. మన ఏజెన్సీ గుమ్మంలోంచి హిమాలయాల కాళ్ళ దగ్గరికి ఒకటే రోడ్డు. నాకు వెళ్ళేదాకా తెలీదండి.

నీళ్ళ కోసం బతికేవాళ్ళం కాబట్టి ఇంకో సంగతి చెప్తాను. కోంట దగ్గర శబరి, జగ్‌దల్‌పూర్ దగ్గర ఇంద్రావతి. ఆ రెండూ మన గోదారిలో కలిసేవే, మన కాలువల్లో పారేవే. కేశ్‌కాల్ ఘాటీ దిగితే నీళ్ళు మహానదికి పోతాయి. కవర్ధా దాటి చిల్పీ ఘాటీ ఎక్కితే నర్మద వైపు. జబల్‌పూర్ కూడా దాటాక గంగ వైపు. మన పొలం గట్టు మీద నిలబడి నీళ్ళు ఎటు జారతాయో చూసినట్టే, దేశం గట్లు ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్ళాం.

జీవాలు బండిలో ఉంటే ప్రయాణం మన ఇష్టప్రకారం సాగదు. తెల్లవారుజామున మూడింటి నుంచి పొద్దున్న పదింటి దాకా నడపడం, చెట్టు నీడ చూసుకుని ఆగిపోవడం, మళ్ళీ సాయంత్రం అయిదున్నరకి బయలుదేరి తొమ్మిదింటికి ఆపేయడం. మన ఎడ్ల బళ్ళ కాలం లెక్కే అది. కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి వేడి వదులుకోవాల్సిందే. ఎండలో అద్దాలెత్తి ఆపిన బండిలో పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరిగిపోతుంది. అందుకని టీ తాగడానికైనా ఒకరు బండి దగ్గర ఉండాల్సిందే. తారు రోడ్డు మీద అరచెయ్యి వెనక వైపు ఆనించి ఏడు లెక్కపెట్టే దాకా ఉంచలేకపోతే, కుక్క కాళ్ళూ ఆగవన్నమాట.

అలా మధ్యాహ్నాలు ఆగడం వల్లే మాకు జనం దొరికారు. ధమ్‌తరి దగ్గర ఓ చింతచెట్టు కింద ఆగితే, బుజ్జి సీసా పాలు తాగడం చూసి పక్క చేలోంచి ఓ రైతు వచ్చాడు. ముందు "ఎంతకిస్తావ్?" అన్నాడు. మా ఆవిడ చూపు చూసి నవ్వేసి కూర్చున్నాడు. వచ్చీరాని హిందీలో మాట ధాన్యం మీదకి మళ్ళింది. ఆ ఏడు మద్దతు ధర మామూలు రకానికి క్వింటా 2183, అంటే మన 75 కిలోల బస్తాకి 1637 రూపాయలు. వాళ్ళ ప్రభుత్వం పైన కలిపి క్వింటాకి 3100 ఇచ్చింది, ఎకరానికి 21 క్వింటాళ్ళ దాకా. అంటే బస్తాకి 2325! నేను లెక్కేసి చెప్తే మా బావమరిది నమ్మలేదు. నీళ్ళు మనకున్నంత లేవు వాళ్ళకి, ధర మాత్రం ఉంది.

నాలుగో రోజు కష్టం వచ్చింది. జబల్‌పూర్ దాటి కట్నీ వైపు పోతుండగా బండిలో ఏసీ ఆగిపోయింది. బయలుదేరే ముందు చూపించిందే, అయినా ఆగింది. బయట నిప్పులు. పది కూడా కాలేదు, అప్పుడే వడగాలి. కిటికీలు తీస్తే పొయ్యి మీంచి గాలి కొట్టినట్టుంది. పావుగంటలో కర్రోడు రొప్పడం మారిపోయింది. చిగుళ్ళు ఎర్రగా కందిపోయి, నోటివెంట చిక్కటి చొంగ, నిలబడబోయి ఒరిగిపోయాడు. బుజ్జికేం కాలేదు. మేక ఎండకి ఆగుతుంది, ముసలి కుక్క ఆగదు.

రోడ్డు పక్కన మామిడితోట కనపడితే అటు తిప్పాం. ఆ తోట రైతు ఏం అడగకుండా బోరు ఆన్ చేశాడు. పొట్ట కింద, తొడల సందుల్లో, పాదాల మీద నీళ్ళు పోస్తూ మా ఆవిడ తువ్వాలుతో విసిరింది. ఐసు నీళ్ళు పొయ్యకూడదు, మామూలు చల్లటి నీళ్ళే. తడిగుడ్డ కప్పి వదిలేయకూడదు, వేడి లోపలే ఉండిపోతుంది. తాగడానికి కొంచెం కొంచెంగా ఇవ్వాలి. తర్వాత దగ్గర్లో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే జ్వరం చూశాడు. కుక్కకి నూటొకటి, నూటరెండు మామూలే, నూటనాలుగు దాటితే గండం. వీడికి నూటఅయిదు. సెలైన్ ఎక్కించి, రెండు రోజులు కదపొద్దన్నాడు.

రెండు రోజులు. చెప్పడానికి చిన్నమాటే. కానీ మా లెక్క వేరే ఉంది. నీళ్ళొదిలే వేళకి ఊళ్ళో ఉండాలి. కాశీ చూసుకుని, అక్కణ్ణుంచి గయ వెళ్ళి నాన్నకి పిండం పెట్టాలన్నది అమ్మ మూడేళ్ళ కోరిక. రెండు రోజులు ఆగితే గయ ఉండదు. మా బావమరిది దారి చెప్పాడు. "అత్తయ్య, చెల్లాయి కట్నీలో రైలెక్కి వెళ్ళిపోండి. మేమిద్దరం వీణ్ణి చూసుకుంటాం." మాటలో తప్పేం లేదు.

అమ్మ కర్రోడి పక్కన నేల మీదే కూర్చుని ఉంది. "నేను రైలెక్కితే వీడు ముద్ద ముడతాడా?" అంది. కాసేపాగి, "ధర్మరాజు స్వర్గం గుమ్మంలో కూడా కుక్కని వదలనన్నాడంట. మీ నాన్న జేబులో పెట్టుకొచ్చినవాణ్ణి ఇక్కడ వదిలేసి, ఆయనకే పిండం పెడితే ఆయన తింటాడా?" అంది. ఇంకెవరం మాట్లాడలేదు.

ఆ రెండు రోజులూ ఆ తోటలోనే ఉన్నాం. బండి కింద నీడలో మంచం. వాళ్ళది గోధుమ కోసేసి, బోరు కింద వేసవి పెసర వేసిన చేను. మనం వరి మీద పెసర, మినుము చల్లినట్టే. వాళ్ళావిడ రొట్టెలు పంపితే అమ్మ గోంగూర పచ్చడి ఇచ్చింది. కర్రోడికి కూర వేయబోతే అమ్మే ఆపింది. ఉల్లిపాయ కుక్కకి పడదు. మూడోరోజు పొద్దున్న వాడు లేచి, పాలు తాగి, అమ్మ చీర కుచ్చిళ్ళు వాసన చూశాడు. ఏసీ కట్నీలో బాగుచేయించుకుని బయలుదేరాం.

కాశీలో వంతులేసుకున్నాం. ఇద్దరు గుడికి, ఇద్దరు బండి దగ్గర. చాలా సత్రాల్లో జీవాల్ని రానివ్వరు, ముందే ఫోన్ చేసి అడిగి వెళ్ళాలి. అక్కడ కాలభైరవుడే కొత్వాలు, ఆయన వాహనం కుక్క. అందుకేనేమో వీధిలో కర్రోణ్ణి చూసి ఎవరూ అదిలించలేదు, ఇద్దరు ముగ్గురు బిస్కెట్లు కూడా పెట్టారు. నాన్నకి గంగ ఒడ్డునే పిండప్రదానం చేయించాం. గయ మిగిలిపోయింది. అమ్మ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కానీ ఆవిడకి ఆ లోటు లేదని నేను చెప్పను. ఉంది. మోస్తోంది.

మే 29 నాటికి ఊరొచ్చేశాం. రానూపోనూ రెండువేల ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు, డీజిలుకే పాతికవేలు దాటింది. ఆ నెలాఖరుకి ఉత్తరాదిలో వడగాలులు ఇంకా ముదిరాయి. మీరెవరైనా జీవాలతో వెళ్ళేట్టయితే ఏప్రిల్‌లోనే వెళ్ళండి, లేదా సంక్రాంతి తర్వాత ఖాళీ చూసుకోండి. పదేళ్ళు దాటిన కుక్కకి మే నెల ఉత్తరాది దారి కష్టం. కర్రోడు ఇప్పుడూ ఉన్నాడు. కళ్ళు సరిగా ఆనవు గానీ అమ్మ అడుగు చప్పుడు తెలుసు. బుజ్జి పెద్ద మేకైంది, పక్కోళ్ళ మునగచెట్టు తిని తగువులు తెస్తోంది.

అసలు ఈ పోస్టు రాసింది ఇందుకు. మేము కదలగలిగింది బండి ఉండబట్టి కాదు, మా తమ్ముడు పదిహేను రోజులు రెండిళ్ళ గేదెలకీ గడ్డి వేయబట్టి. మరుసటి వేసవి వాళ్ళు పిల్లల్ని తీసుకుని వెళ్ళారు, ఆ గేదెల పాలు నేను పితికాను. దాళ్వాలో నీళ్ళు చాలకపోతే వంతులు వేసుకుంటాం కదా? ఈ రోజు నీ చేనుకి, రేపు నా చేనుకి అని. ఊరెళ్ళడానికి కూడా అలా వంతులు వేసుకుందాం. ఏ వీధికా వీధి నాలుగిళ్ళు కలిస్తే చాలు. "గేదెల్నెవరు చూస్తారు" అన్న మాటతోనే ఒక తరం వెళ్ళిపోయింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నవాళ్ళు ఈ వేసవికే అడగండి, వాళ్ళకి ఎటు వెళ్ళాలనుందో.