మూత మీద రాయని రంగు

ఇంట్లో చేసిన పౌడరుతో ఏ భయమూ ఉండదని చాలాకాలం నమ్మాను. నేను నమ్మింది చాలక ఇరుగుపొరుగునూ నమ్మించాను. దానివల్ల ఒక ఆడపిల్ల ముఖం మీద నెలల తరబడి మచ్చలు నిలిచిపోయాయి. నాలాగే ఇంట్లో పౌడర్లు కలిపే ఆడవాళ్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది సిరిసిల్ల వైపు. మగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. ఇక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతుంది. మనవాళ్లు ఎక్కువగా లింబాయత్ వైపు ఉంటే, మేం తాపీ నదికి అవతల, అమ్రోలి పక్కన కోసాడ్‌లో ఉంటాం. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లకు దొరికే పని చీరలకు లేసు కుట్టడం, రాళ్లు అంటించడం. దాంతో నడుము పట్టేసి, కళ్లు మండుతుంటే, అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న సున్నిపిండి విద్య గుర్తొచ్చింది. ముఖానికి రాసుకునే పౌడర్లు వాసనతో, ఛాయతో చేసి నాలుగిళ్లలో అమ్ముదామనుకున్నాను.

మొదటి పొరపాటు అక్కడే చేశాను. సున్నిపిండి ఒంటికి రుద్ది కడిగేసుకునేది. పౌడరు అలా కాదు, పొద్దున రాస్తే చెమటలో, ఎండలో సాయంత్రం దాకా ముఖం మీదే ఉంటుంది. అమ్మమ్మ కచ్చూరాలతో పాటు బావంచాలు వేసేది కాబట్టి నేనూ వేశాను. బావంచాల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మం కములుతుంది. బొల్లి వైద్యంలో దాన్ని వాడేది ఆ గుణం కోసమే. ఆ పౌడరు రాసుకుని మిద్దె మీద బట్టలు ఆరేసి వచ్చాక నా బుగ్గలు ఎర్రగా మండితే, సూరత్ ఎండలింతే అనుకుని ఊరుకున్నాను.

తర్వాత పసుపు. మంచి బంగారు ఛాయ వస్తుందని కస్తూరి పసుపు కాకుండా వంటపసుపే కలిపాను. పౌడరు తేలిగ్గా ఉండాలని మెగ్నీషియం కార్బొనేట్ కూడా వేశాను. డబ్బాలో చూస్తే ముచ్చటగా ఉంది. ముఖానికి చెమట పట్టగానే అక్కడక్కడా ఇటుక రంగుకు తిరిగింది. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుందని పారాణి కలిపే ప్రతి ఇల్లాలికీ తెలుసు. మెగ్నీషియం కార్బొనేట్‌కూ సున్నం లాంటి క్షారగుణమే ఉంది. పొడిగా ఉన్నంతసేపు రెండూ ఊరుకుని, తడి తగలగానే కలిశాయి. తెలిసిన సంగతిని కొత్త సామానులో నేను పోల్చుకోలేదు.

పసుపు కుదరలేదని వేరే రంగు వెతికాను. సూరత్‌లో రంగులకు కరువా? మా మరిది ఒక డైయింగ్ మిల్లులో పనిచేస్తాడు. గులాబీ, నారింజ రంగులు చిటికెడు చిటికెడు తెచ్చిపెట్టమని నేనే అడిగాను. పాలిస్టర్ చీరకు వేసే రంగు అది. చిటికెడుతోనే సేరు పౌడరు తామర రేకులా తేలింది. నా ముఖానికి ఒకసారి రాసి చూసుకున్నాను. ఏమీ కాలేదు. పరీక్ష అయిపోయిందనుకున్నాను.

పాలిస్టర్‌కు వాడేవి డిస్పర్స్ రంగులు. అవి నీళ్లలో సరిగా కరగవు. సుమారు 130 డిగ్రీల వేడిలో, ఒత్తిడిలో బట్ట పోగులోకి ఎక్కిస్తారు. వాటిలో కొన్ని చర్మానికి ఎలర్జీ తెప్పించడంలో పేరుమోసినవి. చెమట పట్టిన ఒంటికి బట్ట రాసుకుంటేనే దద్దుర్లు వచ్చేవాళ్లున్నారు. అలాంటిదాన్ని నేను నేరుగా ముఖానికి రాయమని ఇచ్చాను. పైగా ఇలాంటి ఎలర్జీ మొదటిసారికే బయటపడదు. ఒళ్లు ఆ పదార్థాన్ని శత్రువుగా గుర్తుపట్టడానికి పది రోజులో, కొన్ని వారాలో పడుతుంది. ఆ తర్వాత రాసినప్పుడు ఒకటి రెండు రోజులకు దురద, వాపు మొదలవుతాయి. ఒక్కసారి రాసి చూడటం పరీక్షే కాదు.

మా బిల్డింగులోనే ఉండే ఒక అమ్మాయి తన చెల్లెలి పెళ్లి పనుల్లో పడి రోజూ ఆ పౌడరే రాసుకుంది. ఒక పొద్దున వచ్చి, "అక్కా, ముఖమంతా మండుతోంది, రాత్రంతా నిద్ర లేదు" అంది. కళ్ల కింద ఉబ్బింది. బుగ్గల మీద చిన్న పొక్కులు. చూడగానే నాకు రంగే తట్టింది. అయినా నా నోటి నుంచి వచ్చిన మాట, "కొత్త సబ్బు ఏమైనా వాడినవా?"

డాక్టరు దగ్గరికి తోడుగా వెళ్లాను. పౌడరులో ఏమేం వేశారని అడిగితే గంధం, ముల్తానీ మట్టి, గులాబీ అత్తరు అని చెప్పాను. రంగు మాట దాచాను. అమ్మకం పోతుందని, మరిదికి మాట వస్తుందని, అందరిలో పేరు పోతుందని దాచాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు మళ్లీ వెళ్లి డాక్టరుకూ ఆ అమ్మాయికీ ఉన్నదంతా చెప్పాను. పౌడరు మానేశాక, మందుతో పొక్కులు తగ్గాయి. మన ఛాయ చర్మం మీద అలాంటి మంట తగ్గాక నల్లమచ్చలు ఉండిపోతాయి. పెళ్లి ఫొటోల్లో ఆ అమ్మాయి ఆ మచ్చలతోనే నిలబడింది. అన్ని పొరపాట్లలో పెద్దది రంగు వేయడం కాదు, ఆ ఒక్క రోజు దాచడం. కారణం తెలియని డాక్టరు ఏ మందు ఇస్తాడు? ఇంటికి వెళ్లి ఆమె మళ్లీ అదే రాసుకుని ఉంటే?

ఆ తర్వాత పౌడరు గురించి శ్రద్ధగా నేర్చుకున్నాను. పౌడరులో ప్రతిదానికీ ఒక పని ఉంటుంది. జారుడు కోసం టాల్క్, జిడ్డు పీల్చడానికి తెల్ల బంకమట్టి, కప్పడానికి జింక్ ఆక్సైడ్, అంటుకోవడానికి జింక్ స్టియరేట్. ఛాయకు కాస్మెటిక్ రకం ఐరన్ ఆక్సైడ్లు. వాటికి నంబర్లుంటాయి: ఎరుపుకు సి.ఐ. 77491, పసుపుకు 77492, నలుపుకు 77499. పెయింటుకు వాడే ఐరన్ ఆక్సైడ్ వేరు, అందులో సీసం లాంటి లోహాలు ఉండొచ్చు. అత్తరును నేరుగా పోస్తే ఉండకట్టి, ఆ ఉండ తగిలినచోట చర్మం మండుతుంది. ముందు కాస్త మెగ్నీషియం కార్బొనేట్‌లో నూరి, దాన్ని మిగతా పొడిలో కలిపి వస్త్రగాళితం పట్టాలి. నూరు గ్రాములకు అర గ్రాము వాసన చాలు. చిటికెలు, చెంచాలు కాదు, తూకం కావాలి. బియ్యప్పిండి వేస్తే మా ఊరి ఉక్కలో తేమ పట్టి బూజు వస్తుంది, కొంచెమే చేసుకోవాలి. టాల్క్ గనుల్లో ఆస్బెస్టాస్ కలిసే ప్రమాదం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌నే బహుశా క్యాన్సర్ కారకమైన పదార్థాల వర్గంలో చేర్చింది. అందుకే నేనిప్పుడు అది వాడను. ఏ పౌడరైనా జల్లించేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటాను, పసిపిల్లల్ని ఆ గదిలోకి రానివ్వను.

అమ్మకం మానేశాను. 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం అమ్మడానికి తయారు చేయాలంటే లైసెన్సు కావాలి, వేసినవన్నీ లేబులు మీద రాయాలి. ఒకప్పుడు అది పెద్ద కంపెనీల గొడవ అనుకునేదాన్ని. ఆ జాబితా ఎందుకో డాక్టరు ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

అందుకే ఇంట్లో పౌడరు కలిపే ప్రతి ఒక్కరికీ నా మాట ఇది. పేరు, నంబరు, తూకం రాయలేనిదేదీ డబ్బాలో వేయకండి. మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, కనీసం వారం పది రోజులు రాసి చూడండి. అప్పటికీ ఏమీ కాదని ఎవరికీ హామీ ఇవ్వకండి. చెల్లెలికి ఇచ్చినా, వదినకు ఇచ్చినా వేసినవన్నీ చీటీ మీద రాసివ్వండి. దురద వస్తే ఆ క్షణమే మానేయమని చెప్పండి. ఆ చీటీ, ఆ డబ్బా పట్టుకుని మీరే వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.