రాయి కాని మనసు

మన యిండ్లలో ఒక మాట తఱచుగా వినబడుచుండును. పెద్ద యాపదలో కంట నీరు పెట్టని స్త్రీని చూచి "దాని గుండె రాయి" అందురు. అదే స్త్రీ కొన్ని నెలలకు, పొయ్యిమీది పాలు పొంగుచున్నను కదలక చూచుచు నిలుచున్నయెడల "దానికేదో గాలి సోకినది" అందురు. ఈ రెండు మాటలును సరికావని నాకు తోచుచున్నది. కారణమును మనవి చేయుదును.

మా యత్తగారి చెల్లెలిది దివిసీమ. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని అచ్చట ఉప్పెన వచ్చి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నప్పుడు ఆమెకు పండ్రెండేండ్లు. తల్లియు తమ్ముడును ఆ నీటిలో పోయిరి. ఆమె తాటిచెట్టును కౌగిలించుకొని ఆ రాత్రి గడపెను. ఆ సంగతి నాతో ఆమె చెప్పిన విధమిది: "అమ్మాయీ, చెట్టు పట్టుకున్నది నేను కాదు. ఎవరో ఒక పిల్ల పట్టుకుని ఉంది. నేను పైనుంచి చూస్తున్నాను. దానికి చలి వేస్తోందని తెలుస్తోంది గాని, నాకు వేయలేదు."

మఱునాడు తల్లి శవమును చూపినప్పుడు ఆమె యేడువలేదు. ఊరివారు రాయి యనిరి. తరువాత చాల యేండ్లు, వాన హోరుపెట్టినప్పుడెల్ల తన చేతులు తనవి కానట్లును, ఇల్లంతయు గాజుపలకకు ఆవల నున్నట్లును ఆమెకు తోచుచుండెడిదట. పిల్లలు పిలిచినను ఆ పిలుపు ఎక్కడనుండియో వచ్చినట్లుండెడిదట. పెద్దలు రక్షరేకు కట్టించిరి. ఆమె సిగ్గుపడి, ఎవరికిని చెప్పుకొనక సంసారము సాగించెను.

ఈ స్థితికి వైద్యులు డిసోసియేషన్ అని పేరిడిరి. అనుభవమునకును అనుభవించువారికిని కలుగు ఎడబాటు అని మనము చెప్పుకొనవచ్చును. ఫ్రాన్సు దేశమున పియేర్ జానే అను పండితుడు 1889లో ప్రకటించిన గ్రంథములోనే, మనసు భరింపలేని యనుభవములు తక్కిన జ్ఞాపకములతో కలియక విడివడి యుండునని వ్రాసెను. ఆనాడు బ్రతికియున్నవారి మెదడు పనిచేయుచుండగా చూచు సాధనము లేదు. నేడు కలదు.

మావారు ఉపాధ్యాయులగుటచే ఇట్టి విషయములు చదివి నాకు చెప్పుచుందురు. మెదడు లోపల బాదంగింజవంటి ఆకారముగల అమిగ్డాల యను భాగము కలదు. ఆపదను పసిగట్టి శరీరమును మేలుకొలుపుట దాని పనులలో నొకటి. నొసటి వెనుకనున్న భాగములు దానిని అదుపులో నుంచును. కెనడాలో రూత్ లేనియస్ అను వైద్యురాలును ఆమె తోడివారును 2010లో ప్రకటించిన వ్యాసమున, ఘోరాపదల పాలైన రోగులలో రెండు తెఱగులు చూపిరి. ఆ యాపద జ్ఞప్తికి వచ్చినప్పుడు కొందఱిలో నొసటి భాగములు చాలినంత పనిచేయక అమిగ్డాల చెలరేగును; గుండె దడదడలాడును. మఱికొందఱిలో ఆ భాగములే మితిమీఱి అడచివేయగా, భయముతోపాటు తక్కిన యనుభూతులును మొద్దువాఱును. తమ్ము తాము దూరమునుండి చూచుకొనువారు వీరే. 2013లో అమెరికా మనోవైద్యుల వ్యాధిపట్టికలో ఈ రెండవ తెఱగునకు ప్రత్యేకస్థానము లభించెను. 16 దేశములలో జరిపిన యొక పరిశీలనలో, ఆపద తరువాత వచ్చు ఈ మనోవ్యాధి గలవారిలో నూటికి సుమారు 14 మందికి ఇట్టి లక్షణములు కనబడినవి.

"నేను" అను భావము మెదడులో ఒక్కచోట కాపురముండునది కాదు. గుండె కొట్టుకొనుట, ఊపిరి, ఆకలి మున్నగు లోపలి కబుర్లు ఇన్సులా యను భాగమునకు చేరును. అవి తక్కిన భాగములతో పొసగినప్పుడే "ఈ చేయి నాది" అని తోచును. 2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమువారు ఎలుకలకు కెటమీన్ అను మందిచ్చి చూడగా, మెదడు వెనుకవైపున నొకచోట కణములు సెకనునకు ఒకటి మొదలు మూడు మారులు ఒక్క తాళమున స్పందించెను. ఆ యెలుకలు వేడిపలక తగిలినప్పుడు కాలు ఎత్తెను గాని, మామూలుగా చేయునట్లు దానిని నాకికొని ఉపశమింపజేసికొనలేదు. వేడి తెలిసినది, దానిని లక్ష్యపెట్టలేదు. మూర్ఛ రాకమునుపు తాను తనకు వేఱైనట్లు తోచు ఒక రోగియందును, మెదడులో ఆ చోటనే అట్టి తాళము కనబడెను. ఒక్కరిని బట్టి అందఱికిని తీర్మానింపరాదు. ఆ రోగి సంగతి ఆపదవలన కలిగినదియు కాదు. కాని ఈ యెడబాటు నటన కాదనుటకు ఆ మాత్రము చాలును.

సాక్షిగా చూచుట వేదాంతులు కోరునదే కదా యని కొందఱనవచ్చును. వేదాంతి తన చేతితో తలుపు తీసికొని బయటికి వచ్చినవాడు. కావలసినప్పుడు మరల లోనికి పోగలడు. మా పినత్తగారికి వెలుపల నుండగనే తలుపు గడియపడినది.

అహల్య రాయి యయ్యెనని మనము వినుచు వచ్చితిమి. వాల్మీకి రామాయణమున ఆమె రాయి కాలేదు. గాలియే యాహారముగా, బూడిదలో పండుకొని, ఏ ప్రాణికిని కనబడక యుండెను. లోపల ప్రాణమున్నది, తాపమున్నది, చూచువారికి కానరాదు. మన యిండ్లలో ఇట్టివారుండవచ్చును.

అట్టివారిని జరిగినదంతయు చెప్పుమని బలవంతపెట్టరాదు. చెంపపై కొట్టి తెలివి తెప్పింపజూడరాదు. పేరుపెట్టి మెల్లగా పిలిచి, ఇది ఏ యూరో ఏ దినమో జ్ఞాపకము చేసి, పాదములు నేలకానించి, చల్లని నీటిచెంబు చేతికిచ్చి, చుట్టునున్న వస్తువుల పేళ్లు చెప్పింపవలెను. మాటిమాటికి వచ్చుచున్నయెడల మనోవైద్యునికి చూపవలెను. భారత ప్రభుత్వము 2022లో నెలకొల్పిన టెలీ మానస్ వారికి 14416 సంఖ్యకు టెలిఫోను చేసినయెడల తెలుగులోనే సలహా చెప్పుదురు.

మా పినత్తగారిని రెండేండ్ల క్రిందట వైద్యురాలికి చూపితిమి. "ఇది పిచ్చి కాదమ్మా. ఆ రాత్రి నిన్ను కాచిన ఉపాయమే, పని తీఱినా నిన్ను వదలలేదు" అని ఆమె చెప్పెను. నెలకు రెండుమారులు పోయి వచ్చుచుండిరి. పోయిన వానకాలమున ఒకనాడు మా పెరటి అరుగుమీద కూర్చుండి, తల్లి పేరు పెట్టి, అరువదియేండ్ల వయసున తొలిసారిగా యేడ్చిరి. ఇరుగుపొరుగువారు వచ్చి "ఇప్పుడెందుకు ఈ యేడుపు?" అని యడిగిరి. మా యత్తగారు వారికి కాఫీ యిచ్చి పంపివేసి, చెల్లెలి ప్రక్కన కూర్చుండిరి.