మొదటి పద్దు

బెంగాల్ నాగపూర్ రైల్వేతో పెరిగిన బిలాస్‌పూర్‌కు శ్రీకాకుళం ప్రాంతం నుండి తరలివచ్చిన తెలుగు కుటుంబాలలో మాదొకటి. జీతమందిన నాడు నాన్నగారు ముందు నాయనమ్మకు మనియార్డరు కట్టి, పిదపనే సరుకులు తెచ్చేవారు. ఒక పండుగకు నేను బూట్లడిగితే ఆయన మందలించలేదు. ఆ ఫారం నాచేత పూర్తి చేయించారు. నూటయాభై అని వ్రాస్తుండగా ఆయన అతుకుల చెప్పులు నా కంటబడ్డాయి. మరి అడగలేదు.

1880లో మొదలైన ఆ సేవ పాత పద్ధతిలో 2015లో ముగిసింది. నేడు బెల్తరాలో నేను ఫోనుపై వేలు తాకిస్తే చాలు, స్వగ్రామంలోని అమ్మకు సొమ్ము చేరుతుంది. ప్రక్కనే కూర్చున్న మా అబ్బాయికి మాత్రం ఏమీ కనబడదు. అందుకే ఆ మొత్తాన్ని ప్రతి నెలా వాడిచేతనే ఖర్చుల పుస్తకంలో మొదటి పద్దుగా వ్రాయిస్తున్నాను.